రాని దోషానికి కర్త ఎవరు?

జరిగిన కార్యానికి కారణం వెతకడం తర్కానికి సులభమైన పని. కుండను చూసి కుమ్మరిని, పొగను చూసి నిప్పును ఊహించడానికి శాస్త్రం చదివి ఉండనక్కరలేదు. రావలసి ఉండి రాకుండా పోయిన దాని సంగతి అంత సులభం కాదు. రావలసిన జబ్బు రాలేదు, తెగవలసిన చెరువుకట్ట తెగలేదు, విరగవలసిన ఇనుము విరగలేదు అన్నప్పుడు వేలు పెట్టి చూపించడానికి అక్కడ వస్తువేదీ ఉండదు; చూపించే వస్తువే లేనప్పుడు దానికి కారణంగా ఏ పనిని నిలబెట్టాలి, ఎవరిని కర్త అనాలి అనే ప్రశ్నను భారతీయ దర్శనకారులు శతాబ్దాల తరబడి చర్చించారు. ఆ చర్చ సంధ్యావందనం వంటి నిత్యకర్మలను, ప్రాయశ్చిత్తాన్ని, చివరకు మోక్షాన్ని ఆశ్రయించి సాగింది. అయితే దాని సత్తువ తెలుసుకోవడానికి చాలా లౌకికమైన ఉదాహరణ ఒకటి చాలు: పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన ట్రక్కు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు పాడు కాకుండా చూసుకోవడం. ఉదాహరణ అల్పమైనదని తోసివేయడం తార్కికుల పద్ధతి కాదు. మట్టికుండను, దారపుపోగును పట్టుకుని పరమార్థాన్ని విచారించినవారు వారు.

స్పార్క్ ప్లగ్గు అంటే పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని అంటించే నిప్పురవ్వను పుట్టించే భాగం. నడిమి లోహపుకడ్డీకి, పక్కనుంచి వంగి వచ్చిన మరో లోహపుముక్కకు నడుమ సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది; పది వేల వోల్టులకు మించిన విద్యుత్తు ఆ ఖాళీని దూకినప్పుడు రవ్వ పుడుతుంది. నడిమి కడ్డీ చుట్టూ ఉండే తెల్లని పింగాణీ తొడుగు విద్యుత్తు పక్కదారి పట్టకుండా కాపాడుతుంది. తెలుగునాట లారీ అంటే ప్రధానంగా డీజిల్ బండి గనుక, డీజిల్ ఇంజనులో ఇంధనం గాలి ఒత్తిడి వేడికే అంటుకుంటుంది గనుక, లారీకి ప్లగ్గు గొడవ ఏమిటని ఇక్కడి పాఠకుడికి అనిపించవచ్చు. సి.ఎన్.జి.తో నడిచే కొత్త లారీలకు ఇక్కడా ప్లగ్గులు ఉంటాయి. పెట్రోలుతో నడిచే పెద్ద పికప్ ట్రక్కు ఇంటింటి బండిగా మారిన దేశం అమెరికా కాబట్టి, ఈ విచారణకు తగిన ఉదాహరణ కూడా అక్కడే దొరుకుతుంది.

ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 ట్రక్కులలో 2004 మోడల్ నుంచి ఎనిమిది సిలిండర్ల 5.4 లీటర్ల ఇంజనును, సిలిండరుకు మూడు వాల్వుల చొప్పున అమర్చి, వాడుకలోకి తెచ్చింది. 2008 మోడల్ దాకా ఈ ఇంజనులో వచ్చిన ప్లగ్గుల నిర్మాణం మామూలు ప్లగ్గుల నిర్మాణం వంటిది కాదు. మరలు ఉన్న పైభాగం ఒక ముక్క; దాని కిందుగా సిలిండరు హెడ్డులోని సన్నని రంధ్రంలోకి పొడుగ్గా దిగే ఉక్కు గొట్టం మరో ముక్క; ఆ రెండింటినీ నొక్కి జత చేశారు. గొట్టానికి, రంధ్రపు గోడకు నడుమ ఉండే అతి సన్నని సందులో ఇంధనం మండగా మిగిలిన మసి చేరి, చేరినది గట్టిపడి, కొన్నేళ్లకు పెంకులా బిగుసుకుంటుంది. ప్లగ్గు విప్పబోయిన మెకానిక్కు చేతికి పైముక్క మాత్రం ఊడివచ్చి, కిందిముక్క హెడ్డులోనే ఉండిపోవడం ఈ ఇంజను విషయంలో ఎంత మామూలైందంటే, విరిగిన ముక్కను పైకి లాగడానికే ప్రత్యేకమైన పనిముట్లు తయారై బజారులోకి వచ్చాయి. ఆ పనిముట్ల వల్ల కూడా పని జరగకపోతే హెడ్డునే ఇంజను నుంచి విప్పవలసి వస్తుంది. ఎనిమిది ప్లగ్గుల ఖరీదుతో పోయే పని ఇంజను మరమ్మతుగా మారుతుంది.

ఇందులో తత్త్వవిచారానికి పనికివచ్చే విషయం ఒకటి ఉంది. ఈ ప్లగ్గులను మార్చవలసిన గడువుగా కంపెనీ చెప్పినది లక్ష మైళ్లు, అంటే దాదాపు 1,60,000 కిలోమీటర్లు. గంటకు 60 మైళ్ల వేగంతో, ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ ఆ దూరం సాగిందనుకుంటే, రెండు చుట్లకు ఒక రవ్వ చొప్పున ఒక్కొక్క ప్లగ్గు పది కోట్ల రవ్వలు పుట్టించి ఉంటుంది. ఆ పది కోట్ల మంటలలో ఒక్కటైనా ప్లగ్గును హెడ్డుకు అంటించలేదు. అన్నీ కలిసి అంటించాయి. బండి అన్నాళ్లూ చక్కగానే నడిచింది. ఏ లోపమూ కనిపించని రోజులలోనే లోపానికి కావలసిన సామగ్రి అంతా పోగైంది. దోషం పుట్టకముందు అది ఏ స్థితిలో ఉంది, ఆ స్థితిని నిలపడం మనిషి చేతిలో ఉందా అనే ప్రశ్న ఇక్కడ పుడుతుంది.

ఈ ప్రశ్నకు మాటలు సమకూర్చినవారు న్యాయదర్శనానికి చెందిన తార్కికులు, అంటే నైయాయికులు. లేకపోవడాన్ని వారు అభావం అన్నారు. అభావం కూడా ఒక పదార్థమే, అంటే తెలియదగినదీ, పేరు పెట్టి చెప్పదగినదీ అయిన ఒక తత్త్వమే అని నిర్ణయించారు. 17వ శతాబ్దివాడు, ఆంధ్రుడు అయిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో బాలురకు సైతం అర్థమయ్యేటట్టు అభావాన్ని నాలుగు రకాలుగా విభజించి చూపించాడు. వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం. దానికి మొదలు లేదు, వస్తువు పుట్టగానే అది అంతమవుతుంది. వస్తువు నశించిన తరువాతి లేమి ప్రధ్వంసాభావం. దానికి మొదలు ఉంది, అంతం లేదు. మూడు కాలాలలోనూ ఉండే లేమి అత్యంతాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. చివరి రెండింటితో ఈ విచారణకు అంతగా పని లేదు గాని మొదటి రెండూ ముఖ్యమైనవి. మరమ్మతు చేసేవాడు సాధించేది దోషానికి ప్రధ్వంసం. నివారణ చేసేవాడు కాపాడేది దోషానికి ప్రాగభావం. మొదటివాడి పనిని లోకం చూస్తుంది, ఎందుకంటే అతడు వచ్చేసరికి దోషం అక్కడ ఉంది, వెళ్లేసరికి లేదు. రెండవవాడు రాకముందు దోషం లేదు, వెళ్లిన తరువాతా లేదు. తేడా ఏదీ కనిపించనప్పుడు అతడికి కూలి ఎందుకివ్వాలనే ప్రశ్న లోకానిది. అదే ప్రశ్న దర్శనభాషలో మరింత పదునుగా వచ్చింది.

ఆ పదును ఇది. ప్రాగభావానికి మొదలు లేదని ఒప్పుకున్న తరువాత దానిని ఎవరైనా పుట్టించారని చెప్పడం కుదరదు. పుట్టించలేని దానిని ఒక కర్మకు ఫలమని చెప్పడమూ కుదరదు. వేదవిధులను విచారించే మీమాంసకులలో ఒక శాఖవారైన ప్రాభాకరులు మోక్షమంటే దుఃఖానికి ఆత్యంతికమైన ప్రాగభావమేనని, అంటే ఇక ముందు దుఃఖం పుట్టకుండా ఉండిపోవడమేనని అన్నారు; 14వ శతాబ్దిలో మిథిలలో తత్త్వచింతామణి రచించిన గంగేశోపాధ్యాయుడు ఆ పక్షాన్ని తీసుకుని చర్చించాడు. అనాదిగా ఉన్నదాని కోసం సాధన ఎందుకని ఒక ఆక్షేపణ. అంతకన్న గట్టిది మరొకటి: ఏ వస్తువుకు ప్రాగభావమో ఆ వస్తువు ఎప్పుడో ఒకప్పుడు పుట్టి తీరాలి, పుట్టనే పుట్టని దానికి ప్రాగభావమని పేరు పెట్టడం నిర్వచనానికే విరుద్ధం. ప్లగ్గు ఒకనాడు విరిగితే ఆ విరగడానికి అంతకు ముందున్న లేమి ప్రాగభావం అవుతుంది. ప్లగ్గు విరగకుండానే క్షేమంగా బయటికి వచ్చి, చెత్తబుట్టకు చేరి, అక్కడితో దాని చరిత్ర ముగిస్తే, ఆ విరగడం ఏనాడూ లేనిదే. అప్పుడు కాపాడబడినది ఏమిటి?

ఈ చిక్కుకు న్యాయశాస్త్రం ఇచ్చిన సమాధానం తగినంత ఆదరణకు నోచుకోలేదు గాని, అది మొత్తం దర్శనసాహిత్యంలోని సూక్ష్మమైన ఆలోచనలలో ఒకటి. విశ్వనాథ పంచాననుడి న్యాయసిద్ధాంతముక్తావళిలో దానికి యోగక్షేమసాధారణ కారణత అనే పేరు కనిపిస్తుంది. యోగం అంటే లేనిదానిని సంపాదించడం, క్షేమం అంటే ఉన్నదానిని నిలుపుకోవడం. గీతలోని యోగక్షేమ శబ్దానికి శంకరాచార్యులు చెప్పిన అర్థం కూడా ఇదే. కారణం అనే మాటను యోగానికి మాత్రమే పరిమితం చేస్తే పుట్టించేదే కారణమవుతుంది. ఒకటి ఉంటే మరొకటి ఉండడం, అది లేకపోతే ఇది లేకపోవడం అని కారణత్వాన్ని నిర్వచిస్తే, నిలిపేది కూడా పుట్టించేదానితో సమానంగా కారణమే అవుతుంది. పాలు కాచి ఉంచినంతకాలం విరగలేదు, కాచకపోతే విరిగాయి అన్నప్పుడు కాచడం పాలను పుట్టించకపోయినా వాటి నిలకడకు కారణం. దోషం రాకుండా ఉన్న స్థితి ఏనాటి నుంచో ఉన్నదే అయినా, ఇవాళ్టి పూట అది ఉండడానికి ఇవాళ్టి పని కారణం.

దీనిని బట్టి ప్లగ్గు విషయంలో తలెత్తిన చిక్కు కూడా విడిపోతుంది. అనంతకాలం వరకు దోషం లేకుండా చేస్తానని నివారణ ఎన్నడూ మాట ఇవ్వలేదు. రవ్వ పుట్టినప్పుడల్లా లోహం కొంచెం అరుగుతుంది, మంట లేచినప్పుడల్లా మసి కొంచెం చేరుతుంది. అరుగుదల లేని ప్లగ్గు ఉంటే అది పని చేయని ప్లగ్గు. కాబట్టి దోషాన్ని అత్యంతంగా లేకుండా చేయాలన్న కోరిక ఇంజనును నడపవద్దన్న కోరికతో సమానం. నివారణకు దక్కే ఫలం ఒక వ్యవధి. ఈ క్షణం నుంచి ఆ క్షణం దాకా దోషం రాకుండా ఉండడం, ఆ తరువాతి వ్యవధికి మళ్లీ పని చేయవలసి రావడం. ఒకసారి చేసి చేతులు దులుపుకునే పుణ్యకార్యాల జాబితాలోకి ఇది చేరదు. సంధ్యావందనం రోజూ ఎందుకు చేయాలి అన్న ప్రశ్నకూ, ఇంజను ఆయిల్ గడువు ప్రకారం ఎందుకు మార్చాలి అన్న ప్రశ్నకూ తర్కం చెప్పే జవాబు ఒక్కటే. ఈ పోలికలో అపచారం ఏమీ లేదు.

నిత్యకర్మ ప్రసక్తి వచ్చింది గనుక దాని వెనుక ఉన్న పెద్ద వివాదాన్ని కూడా చూడక తప్పదు. విధించిన కర్మ చేయకపోతే ప్రత్యవాయం వస్తుందని, అంటే పాపరూపమైన అనిష్టం కలుగుతుందని సంప్రదాయం చెబుతుంది. మీమాంసకులలో మరో శాఖవారైన భాట్టులు నిత్యకర్మకు ఈ ప్రత్యవాయాన్ని తప్పించుకోవడమే ప్రయోజనమన్నారు. ప్రాభాకరులు ప్రయోజనంతో పని లేదు, విధి ఉంది కాబట్టి చేయవలసిందే అన్నారు. శంకరాచార్యులు తైత్తిరీయభాష్యంలోను, గీతాభాష్యంలోను ఒక మౌలికమైన ఆక్షేపణ లేవదీశారు. చేయకపోవడం ఒక అభావం. పాపం ఒక భావం, అంటే ఉన్న పదార్థం. అభావం నుంచి భావం ఎలా పుడుతుంది? ఏమీ చేయకపోవడం అనే శూన్యం నుంచి దుఃఖమనే వస్తువు ఊడిపడడం అసంభవం కాబట్టి, విహితకర్మను చేయకపోవడం పూర్వం పేరుకున్న దురితం పండుతున్నదనడానికి ఒక లక్షణం, ఒక గుర్తు మాత్రమే అవుతుందని వారి తీర్పు.

ప్లగ్గును గడువులో మార్చకపోవడం వల్ల ఇంజను పాడైందని అనడం లోకంలో వాడుక. శంకరుల తర్కాన్ని అనుసరించి చూస్తే ఈ వాక్యం సరి కాదు. మార్చకపోవడం అనే అభావానికి లోహాన్ని అరగదీసే శక్తి లేదు, మసిని పోగుచేసే శక్తి లేదు. అరగదీసినది రవ్వ, పోగుచేసినది మంట, అరిగి వెడల్పైన ఖాళీని దూకడానికి ఎక్కువ వోల్టేజి పుట్టించవలసి వచ్చి అలసిపోయినది ప్లగ్గుకు విద్యుత్తు అందించే ఇగ్నిషన్ కాయిల్. ఇవన్నీ భావరూపమైన కారణాలే. మనిషి చేయకపోవడం వాటికి దారి విడిచిపెట్టింది. ఇది మాటల గారడీ కాదని చెప్పడానికి దీని వల్ల తేలే ఆచరణ చూడాలి. చేయకపోవడమే కారణమని నమ్మినవాడు పశ్చాత్తాపంతో ఆగిపోతాడు, లేదా ఏదో ఒకటి చేసేస్తే చాలనుకుని అవసరం లేనివన్నీ మారుస్తాడు. భావరూపమైన కారణాన్ని వెతికేవాడు మసి ఎక్కడి నుంచి వస్తున్నదని అడుగుతాడు: ఇంజను వేడెక్కకముందే ఆగిపోయే చిన్నచిన్న ప్రయాణాల నుంచా, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు నుంచా, అరిగిన వాల్వు సీళ్ల గుండా కిందికి దిగే ఇంజను ఆయిల్ నుంచా? సంప్రదాయం ఈ వివాదంలో రెండు పక్షాలకూ చోటిచ్చింది. తత్త్వదృష్టిలో గెలుపు శంకరులదే. కర్తవ్యదృష్టిలో మాత్రం భాట్టులది. దారి విడిచిపెట్టడం కారణం కాదని తేలినంత మాత్రాన దారి కాయవలసిన బాధ్యత తొలగదు.

మసి పట్టిన ప్లగ్గు మరొక ప్రసిద్ధ వివాదానికి కూడా చక్కని ఉదాహరణ. నిప్పు ఉంది, కట్టె ఉంది, రెండూ తగిలి ఉన్నాయి. దగ్గర చంద్రకాంతమణి ఉంచితే కట్టె కాలదని, మణిని తీసివేస్తే కాలుతుందని దర్శనగ్రంథాలలో ఒక దృష్టాంతం ఉంది. మణి నిప్పులోని దాహశక్తిని నశింపజేస్తున్నదని, కాబట్టి శక్తి అనే వేరొక పదార్థాన్ని ఒప్పుకోవాలని మీమాంసకులు వాదించారు. 10-11 శతాబ్దాల నాటి ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో దీనిని కాదన్నాడు. నిప్పులో తగ్గినదేమీ లేదు. కాలడానికి కావలసిన కారణసామగ్రిలో ప్రతిబంధకాభావం, అంటే అడ్డు లేకపోవడం కూడా ఒక భాగం. మణి ఉన్నప్పుడు ఆ భాగం లోపించింది, అంతే. అభావాన్ని కారణంగా ఒప్పుకోవడానికి జంకనవసరం లేదని ఆయన వాదం.

మసి అంటే చాలావరకు కార్బను. కార్బను విద్యుత్తును ప్రవహింపనిస్తుంది. పింగాణీ తొడుగు మీద మసి పొరగా పరుచుకున్నప్పుడు, ఖాళీని దూకవలసిన విద్యుత్తు కష్టపడి దూకడం మాని ఆ పొర మీదుగా జారి హెడ్డులోకి పోతుంది. బ్యాటరీలో లోటు లేదు, కాయిల్లో లోటు లేదు, ఇంధనంలో లోటు లేదు. రవ్వ మాత్రం పుట్టదు. మెకానిక్కులు దీనిని మిస్సింగ్ అంటారు. శక్తివాదాన్ని తెలియకుండానే నమ్మినవాడు కాయిల్ శక్తి పోయిందని కొత్త కాయిల్ కొంటాడు, అది వేసినా మిస్సింగ్ పోకపోతే ఇంధనపు పంపు దాకా వెళతాడు. ఉదయనుడి దారి పట్టినవాడు ముందు అడ్డును వెతుకుతాడు. ఆ దారి ఖర్చు తక్కువదని మాత్రమే కాక, వస్తువులను లేని దోషాలతో నిందించని దారి కూడా అని చెప్పాలి.

ప్రకృతిలోనే ఈ అడ్డును తొలగించే ఏర్పాటు కొంత ఉంది. ప్లగ్గు కొన సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరినప్పుడు దాని మీది మసి తనంతట తాను కాలిపోతుంది; 850 డిగ్రీలు దాటితే కొన ఎర్రబడి రవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటించే ప్రమాదం ఉంది. ఈ రెండు హద్దుల నడుమ కొనను ఉంచడానికే ప్లగ్గులను వేర్వేరు ఉష్ణశ్రేణులలో తయారుచేస్తారు. అందుకే కంపెనీ చెప్పిన శ్రేణిని వదిలి తోచిన ప్లగ్గు వేయడం తగదు. పాత ట్రక్కును ఇంటి నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి మాత్రమే తిప్పుతూ ఉంటే కొన ఆ వేడికి చేరే అవకాశమే రాదు. అప్పుడప్పుడు ఇంజను పూర్తిగా వేడెక్కేంత దూరం నడపడం ప్లగ్గుకు దానంతట అది శుద్ధి పొందే వ్యవధి ఇవ్వడం. తపస్సుకు తపించడమనే అర్థం ఎందుకుందో ఆలోచించేవారికి ఈ చిన్న విషయం పనికి రావచ్చు.

ప్లగ్గును విప్పి చూసినప్పుడు దాని కొన రంగు లోపలి కథ చెబుతుంది. లేత గోధుమరంగు, బూడిదరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడిగా నల్లబడితే ఇంధనం ఎక్కువవుతున్నది. జిడ్డుగా నల్లబడితే ఆయిల్ దిగుతున్నది. తెల్లగా మాడి పొక్కులు లేస్తే వేడి మితిమీరింది. శంకరులు చేయకపోవడాన్ని లక్షణమన్న అర్థంలోనే ఇవి లక్షణాలు. లక్షణాన్ని తుడిచివేస్తే కారణం పోదు. జిడ్డు పట్టిన ప్లగ్గును పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించినవాడు వారం గడవకముందే మళ్లీ విప్పవలసి వస్తుంది. దర్శనకారులు ప్రాయశ్చిత్తం గురించి చెప్పిన హెచ్చరికా ఇటువంటిదే: చేసిన పాపానికి నిష్కృతి ఉంది, చేస్తూనే ఉండే పాపానికి లేదు.

నివారణ ఎక్కువైతే ఎక్కువ మేలు కలుగుతుందా అన్నది ఆలోచించవలసిన మరో సంగతి. ఈ ఇంజనుల హెడ్డు అల్యూమినియంతో చేసినది, ప్లగ్గు ఉక్కుతో చేసినది. మెత్తని లోహంలోని మరలు గట్టి లోహపు మరలను ఎన్నో మార్లు ఓర్చుకోలేవు. అనుమానం వచ్చినప్పుడల్లా విప్పి చూడడం, వదులైపోతుందేమోనన్న భయంతో బలమంతా పెట్టి బిగించడం నివారణ పేరుతో చేసే హింసే. ఈ ప్లగ్గుకు కంపెనీ చెప్పిన బిగింపు సుమారు 34 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాకు వదలకుండా టార్క్ రెంచితో కొలిచి బిగించడం ఉత్తమం. మరోవైపు లక్ష మైళ్ల గడువు ప్లగ్గు కొన అరుగుదలను లెక్కించి పెట్టినది. సందులో మసి బిగుసుకోవడానికి అంత కాలం అక్కరలేదు. ఈ రెండింటి నడుమ వివేకంగల మెకానిక్కులు గడువులో సగానికే ఈ ప్లగ్గులను మార్చమని చెబుతూ వచ్చారు, ఆ మాట న్యాయమైనది. శాస్త్రం చెప్పిన కాలం సామాన్యవిధి. వస్తువు స్వభావం తెలిసి దానిని సవరించుకోవడం విశేషవిధి. సామాన్యాన్ని విశేషం బాధిస్తుందని మీమాంసకులు ఏనాడో నిర్ణయించారు.

అయితే వ్యవధి అంతా గడిచిపోయి, ప్లగ్గులు లక్ష మైళ్లు దాటి బిగుసుకున్న తరువాత ఆ ట్రక్కు కొత్త యజమాని చేతికి వచ్చిందనుకుంటే అప్పుడు ఏది నివారణ? పతంజలి యోగసూత్రాలలో విడువదగిన దుఃఖం ఏదని విచారించి, రాబోయేది మాత్రమే అని తేల్చాడు. గడిచిన దుఃఖం అనుభవంతో తీరిపోయింది, ఈ క్షణాన అనుభవిస్తున్నది ఈ క్షణంలో తప్పదు, మిగిలినది ఇంకా రానిది ఒక్కటే అని వ్యాసభాష్యం దానిని వివరించింది. వేదాంతులు కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని విభజించిన దృష్టి కూడా దీనికి దగ్గరదే: పోగైనది సంచితం, ఫలించడం మొదలుపెట్టినది ప్రారబ్ధం, ఇకమీదట చేరబోయేది ఆగామి. వింటి నుంచి వెలువడిన బాణాన్ని ఆపలేనట్టే ప్రారబ్ధాన్ని ఆపలేమని ప్రసిద్ధ దృష్టాంతం. బిగుసుకున్న ప్లగ్గు సంచితమా, ప్రారబ్ధమా అన్నది దాని మీద రెంచి పెట్టి తిప్పేవాడి తొందర నిర్ణయిస్తుంది. తొందరపడి ఒక్క ఊపున తిప్పితే సంచితం అక్కడికక్కడ ప్రారబ్ధంగా మారుతుంది.

2008లో ఫోర్డ్ తన మెకానిక్కులకు పంపిన సాంకేతిక సూచనలో చెప్పిన పద్ధతి ఈ దృష్టితో చదవదగినది. ఇంజను పూర్తిగా చల్లారాలి. ప్లగ్గు గుంటలోని దుమ్మును గాలితో ఊదివేయాలి. ప్లగ్గును పావు చుట్టుకు మించకుండా, వీలైతే అందులో సగమే వదులు చేసి ఆపాలి. ఆ సందులో కార్బొరేటర్ క్లీనరు పోసి కనీసం పదిహేను నిమిషాలు వేచి ఉండాలి. ఆ తరువాత ముందుకు కొంచెం, వెనుకకు కొంచెం తిప్పుతూ, కీచుమన్న చోట ఆగుతూ బయటికి తేవాలి. కొత్త ప్లగ్గు వేసేటప్పుడు దాని ఉక్కు గొట్టం మీద మాత్రం, రవ్వ పుట్టే కొనకు తగలకుండా, నికెల్ కలిసిన యాంటీ సీజ్ లేపనం పూయాలి; ఈసారి మసి చేరినా పట్టు దొరకకుండా చేసే ఏర్పాటు అది. కొత్త ప్లగ్గును ఒకే ముక్కగా తయారైన రకంలో ఎంచుకుంటే విరిగే జత అసలే ఉండదు. ఆ రకం ఇప్పుడు సులభంగా దొరుకుతున్నది. పదిహేను నిమిషాలు ఏమీ చేయకుండా వేచి ఉండడం ఈ పద్ధతికి ప్రాణం. ఆ నిమిషాలలో మనిషి చేయి కదలదు. ద్రవం మసిలోకి ఇంకుతూ ఉంటుంది. అకర్మలో కర్మను చూడడం అనే గీతోక్తమైన చూపుకు ఇంతకన్న స్థూలమైన ఉదాహరణ దొరకడం కష్టం.

క్షేమానికి యోగంతో సమానమైన గౌరవం తర్కంలో దొరికినా సమాజంలో దొరకలేదన్నది ఒప్పుకోవలసిన విషయం. చెరువు తవ్వించిన రాజు పేరు శాసనం మీద ఉంటుంది. ఏటా పూడిక తీసినవారి పేరు ఏ రాతి మీదా ఉండదు. ఇంజను కూలిన తరువాత బాగుచేసిన మెకానిక్కు పేరు పదిమందికి చెబుతారు. సరైన సమయంలో ప్లగ్గులు మార్చి అది కూలకుండా చూసిన మెకానిక్కు తీసుకున్న డబ్బు దండగ అంటారు. ఇంట్లో నీళ్లు కాచి వడపోసే తల్లికి, బావిలో మందు వేసే పంచాయతీ మనిషికి, రైలుపట్టా మీద నడుస్తూ బోల్టులు చూసుకునే గ్యాంగ్‌మన్‌కి దక్కే నిర్లక్ష్యం కూడా ఇదే. కంటికి కనిపించే ఫలాన్నే ఫలమనుకునే తర్కదోషం ఇది. దోషం తర్కంలోదే అయినా దాని భారం మోసేది బతికున్న మనుషులు.

అయినా క్షేమానికి ఆచారంలో ఒక చోటు దొరికింది: దసరా నవరాత్రులలో తెలుగువారు ఆయుధపూజ చేస్తారు. కార్ఖానాలలో పనిముట్లను, షెడ్లలో బండ్లను కడిగి తుడిచి పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. అమెరికాలో స్థిరపడినవారు కొత్త కారైనా, పాత పికప్ అయినా అక్కడి దేవాలయాలకు తీసుకువెళ్లి వాహనపూజ చేయిస్తారు. ఈ ఆచారాన్ని మూఢనమ్మకమని కొట్టివేసేవారు దాని మొదటి సగాన్ని చూడడం లేదు. పూజకు ముందు కడగడం, తుడవడం, తుప్పు గీకడం, నూనె వేయడం విధిగా ఉన్నాయి. ఏడాదికి ఒక్కరోజైనా పనిముట్టును వాడకుండా పక్కన పెట్టి, దానికి ఏమి కావాలో చూడాలన్న నియమం అందులో ఉంది. నిమ్మకాయ ప్లగ్గును కాపాడదు. నిమ్మకాయ పెట్టడానికి ముందు బానెట్ ఎత్తి చూసే చేయి కాపాడుతుంది, ఆ చేతిని ఏటా బానెట్ దాకా రప్పించేది పండుగ. క్షేమానికి పర్వదినం కేటాయించిన సంస్కృతి దానిని కుంకుమబొట్టు దగ్గర ఆపివేయడం శోచనీయం.

ఈసారి ఆయుధపూజ నాడు బండికి బొట్టు పెట్టబోయేవారు ఒక కాగితం తీసి, ప్లగ్గులు చివరిసారి ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాసి బండిలో పెట్టండి. ఆ అంకె తెలియకపోతే, పూజ అయిన మరునాడే, ఇంజను చల్లగా ఉన్న ఉదయం పూట, ఓపిక గల మెకానిక్కు దగ్గరికి బండిని తీసుకువెళ్లండి.